ప్రెప్పీ బట్టల బాటలో: న్యూ హేవెన్ నుంచి ఫ్రీపోర్ట్ దాకా

అమెరికాలో ఖరీదైన ప్రైవేటు బడులు, పాత కాలేజీల విద్యార్థుల ఫక్కీ దుస్తుల్ని ప్రెప్పీ బట్టలంటారు. ఈశాన్యంలో వాటిని చూడ్డానికే తిరిగేవాళ్ళు ముందు న్యూయార్క్‌ మీద ఆశ తగ్గించుకోవాలి. 1915 నుంచి 346 మాడిసన్ అవెన్యూలో నడిచిన బ్రూక్స్ బ్రదర్స్ బట్టల దుకాణం 2020లో మూతపడింది. అక్కడికి పోయి చేసేదేమీ లేదు.

న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్‌ స్టేషన్లో మెట్రో-నార్త్ రైలెక్కితే దాదాపు రెండు గంటల్లో న్యూ హేవెన్. జేకబీ ప్రెస్ 1902లో యేల్ విశ్వవిద్యాలయం విద్యార్థుల కోసం పెట్టిన బట్టల దుకాణం జె. ప్రెస్ ఇక్కడే పుట్టింది. 1986 నుంచి జపాన్ కంపెనీ చేతిలో ఉంది. షాపు చిన్నదే, పూట చాలు. కానీ ప్రెప్పీ కోటు అంటే ఏమిటో చేత్తో పట్టి చూడాలంటే ఇంతకు మించిన చోటు లేదు. భుజాల్లో దూది కూరరు, నడుము దగ్గర బిగించరు. మూడు గుండీల్లో పైది కాలరు మడతలోకి దొర్లిపోతుంది, దాన్ని పెట్టుకోకూడదు. ప్యాంట్లకు అడుగు కుట్టు వేయకుండానే అమ్ముతారు. ఒక్కపూటకు వచ్చినవాళ్ళు పొడవు కొలిపించుకుని, కుట్టు ఇంటి దగ్గర దర్జీతో వేయించుకోవడమే నయం. వేసవి అరలో మద్రాస్ చెక్స్ పేరుతో వేలాడేది మన గళ్ళ లుంగీకి దగ్గరి చుట్టమే, ధరలో తప్ప.

తర్వాతి మజిలీ, ఎల్.ఎల్. బీన్ షాపు ఉన్న ఫ్రీపోర్ట్‌కు వెళ్ళేటప్పుడు చాలామంది బోస్టన్‌లో తడబడతారు. న్యూ హేవెన్ నుంచి వచ్చే రైలు సౌత్ స్టేషన్‌కు చేరుతుంది, ఫ్రీపోర్ట్ ఉన్న మెయిన్ రాష్ట్రానికి పోయే డౌన్‌ఈస్టర్ రైలు నార్త్ స్టేషన్‌లో బయల్దేరుతుంది. కాబట్టి సౌత్ స్టేషన్‌కు ముందొచ్చే బ్యాక్ బేలోనే దిగి, నార్త్ స్టేషన్‌కు ఆరెంజ్ లైన్ మెట్రో పట్టుకోవాలి. అక్కడి నుంచి ఫ్రీపోర్ట్‌కు సుమారు మూడు గంటలు. ఫ్రీపోర్ట్‌ స్టేషన్‌ నుంచి షాపుకు నడకే. రైళ్ళు తక్కువ, తిరుగు సమయం ముందే చూసుకోవాలి.

ఎల్.ఎల్. బీన్ 1912 నాటిది. మొదట అమ్మిన వంద జతల వేట బూట్లలో తొంభై వెనక్కి వచ్చాయి. అడుగు రబ్బరు పైతోలు నుంచి ఊడిపోయింది. షాపు పెట్టిన బీన్ డబ్బు తిరిగిచ్చి మళ్ళీ కుట్టించాడు, పేరు నిలిచింది. ఆ ఉదారత ఇప్పుడంత లేదు: 2018 నుంచి రసీదుతో ఏడాది లోపే వాపసు. 1951 నుంచి రాత్రింబగళ్ళు తెరిచే ఉంచిన షాపు ఇది. 2020లో కరోనా కొంతకాలం మూయించింది. జనం తగ్గాక రాత్రిపూట వెళ్తే బూట్లు తీరిగ్గా వేసి చూసుకోవచ్చు. అర సైజులుండవు. పల్చటి సాక్సుతో వేసుకునేవాళ్ళు సాధారణంగా ఒక సైజు తగ్గించుకోవాలి. లోపల అస్తరు లేని రకం తడిని ఆపుతుందే గాని చలిని ఆపదు, మంచులో నడిచేవాళ్ళు పొరపడకూడదు. 1944లో మంచు దిమ్మలు మోయడానికి వచ్చిన కాన్వాస్ సంచీ కొంటే పొడుగు పిడులదే తీసుకోవాలి, పొట్టి పిడి భుజానికెక్కదు.

బస ఫ్రీపోర్ట్‌లోనే అయితే మెయిన్ స్ట్రీట్‌ మీది హరసీకెట్ ఇన్ నడిచే దూరం. అక్టోబరులో ఆకులు రంగుమారే వారాల్లో ఊరంతా గదుల ధర మండుతుంది. పోర్ట్‌లాండ్‌లో దిగితే తిండికి ఎంపిక ఎక్కువ, కారుంటే అరగంట లోపే.

కొనడమే పనైతే ఇంతదూరం దండగ. మెయిన్ రాష్ట్రంలో బట్టలకూ 5.5 శాతం పన్ను ఉంది. బోస్టన్ ఉన్న మసాచుసెట్స్‌లో ఒక్కో బట్ట మీద 175 డాలర్ల దాకా పన్నే లేదు, బోస్టన్ శివారు బర్లింగ్టన్‌లో బీన్ షాపూ ఉంది. సంచీకి మాత్రం అక్కడా పన్ను పడుతుంది.