కర్నూలు సి.క్యాంపు రైతు బజారుకు ఏ సంచి పట్టుకుపోవాలి?

మా ఇంట్లో ఐదు రకాల సంచులున్నాయి. ఏళ్ళ తరబడి కూరగాయలకూ, అంగడి సామానుకూ వాటినే తిప్పుతున్నాం. వాటిలో ఎక్కువ మార్కులు పడేది డబ్బు పెట్టి కొన్న సంచికి కాదు, బియ్యం అయిపోయాక మిగిలిన సంచికి.

26 కిలోల సోనా మసూరి సంచి అది. 2022 జులైలో 25 కిలోల దాకా ప్యాకింగ్ బియ్యం మీద 5 శాతం జీఎస్టీ వేశారు కదా, దాన్ని తప్పించుకోడానికి మిల్లుల వాళ్ళు ఈ 26 కిలోలవి దించారు. దీని మూతి విప్పడానికే ఒక పనితనం కావాలి. కుట్టు ఒక పక్క మామూలు గీతలాగా, ఇంకో పక్క గొలుసులాగా కనిపిస్తుంది. సరైన కొస దొరికితే ఒక్క లాగుకు దారమంతా సర్రున ఊడొస్తుంది. తప్పు కొస పట్టుకున్నారా, ముడి బిగుసుకుని కత్తెర తేవాల్సిందే. ఆ దారం పారేయకండి, పూలు కట్టుకోడానికి బాగుంటుంది.

సంచిని తిరగేసి, తవుడు పోయేదాకా కడిగి, నీడలో ఆరేసి దర్జీకి ఇస్తాను. ఆయనకు చెప్పేవి రెండే. అంచు రెండు మడతలు వేసి కుట్టాలి, ఒక్క మడతైతే అల్లిక పోగులు లేచిపోతాయి. కాడలకు వేసే పట్టీని మూతి దగ్గర ఆపకుండా సంచి అడుగు కిందినుంచి తిప్పి అవతలి పక్కకు తేవాలి. అప్పుడు బరువు పట్టీ మీద పడుతుంది, కుట్టు మీద పడదు. ఇట్లా కుట్టించిన సంచిలో ఎర్రగడ్డలు, ఉర్లగడ్డలు, టెంకాయలు ఏవి వేసినా కాడ తెగింది లేదు.

దీనికి శత్రువు ఎండ. మిద్దె మీద మిరపకాయల కింద పరిచి వదిలేస్తే కర్నూలు ఎండకు పెళుసెక్కి, చేత్తో పట్టుకుంటేనే పొడిపొడిగా రాలుతుంది. ఆ పొడి ప్లాస్టిక్కే, మట్టిలో కలవదు. లోపలికి గాలి కూడా ఆడదు. పొద్దున తెచ్చిన తోటకూరను సాయంత్రం దాకా అందులోనే ఉంచితే చెమ్మగిల్లి వాసనొస్తుంది.

అందుకే ఆకుకూరలకు రెండో సంచి. ఇది ఎమ్మిగనూరు దుప్పటి ముక్క. అంచులు చిరిగినా నడుమ గట్టిగా ఉన్న పాత చేనేత దుప్పటి నుంచి రెండు పెద్ద సంచులు, ఒక చిన్నది వచ్చాయి. ఉతికే కొద్దీ మెత్తబడుతుంది. తడిపి పిండి కొత్తిమీర చుట్టి ఫ్రిజ్‌లో పెడితే కవర్లో కంటే బాగా నిలుస్తుంది. రైతు బజారులో ఆకుకూరలమ్మే ఆమెకు మాత్రం ఈ సంచి నచ్చదు. మూతి మెత్తగా ముడుచుకుపోతుంది కదా, కట్టలు వేసేటప్పుడు "సంచి సరిగ పట్టక్కా, బయట పడతాండాయి" అని ప్రతిసారీ అరుస్తుంది. ఆమె చెప్పిందీ నిజమే. మూతి చుట్టూ ఒక గట్టి పట్టీ కుట్టిస్తే సరిపోతుంది, ఇంకా కుట్టించలేదు.

కొత్త నూలు సంచి కొనేవాళ్ళకు ఒక లెక్క చెప్పాలి. 2018లో డెన్మార్క్ పర్యావరణ సంస్థ ఒక నివేదిక ఇచ్చింది. అక్కడి సూపర్‌మార్కెట్ ప్లాస్టిక్ సంచితో పోల్చి, పర్యావరణానికి సంబంధించిన అన్ని కొలతల్లోనూ నూలు సంచి దానికి సాటి రావాలంటే 7,100 సార్లు వాడాలని తేల్చింది. వారానికి రెండుసార్లు వాడినా 68 ఏళ్ళు! ఒక్క వాతావరణ మార్పు వరకే చూస్తే 52 సార్లు చాలు. పత్తి పండించడానికి పట్టే నీళ్ళూ ఎరువులూ ఊరికే వస్తాయా? ఆదోని మార్కెట్ యార్డుకు పత్తి తోలే రైతును అడిగితే చెబుతాడు. అయితే రోడ్డు మీద పారేసిన కవర్లు కాలవల్లో అడ్డం పడటం, ఆవులు తినడం ఆ లెక్కలో లేవు. హంద్రీ నది ఒడ్డున ముళ్ళకంపలకు వేలాడే కవర్లను చూసేవాళ్ళకు 7,100 ఒక్కటే చెబితే సరిపోదు. మా దుప్పటికి మాత్రం ఈ గొడవే లేదు, దాని కోసం కొత్తగా ఎవరూ పత్తి పండించలేదు.

మూడోది బట్టల అంగళ్ళలో ఇచ్చే రంగురంగుల 'గుడ్డ' సంచి. అది గుడ్డ కాదు. ఒక మూల చిన్న ముక్క కత్తిరించి అగరొత్తి నిప్పు తగిలించండి, నూలైతే కాగితంలా కాలి బూడిదవుతుంది, ఇది ముడుచుకుని కరిగి గుండులా తయారవుతుంది. పాలీప్రొపిలీన్ అన్నమాట. ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనల్లోనే దీనికీ హద్దు పెట్టారు, 2021 సెప్టెంబరు 30 నుంచి చదరపు మీటరుకు 60 గ్రాములకు తగ్గకూడదు. మామూలు ప్లాస్టిక్ కవరుకైతే 2022 డిసెంబరు 31 నుంచి మందం 120 మైక్రాన్లకు తగ్గకూడదు. కాడలు కుట్టకుండా వేడితో అతికించి ఉంటే అది తొందరగానే ఊడుతుంది. చీరలు దాచుకోడానికి పనికొస్తుంది, కూరగాయలకు వద్దు.

జనపనార సంచి చూడ్డానికి అందం, వాడకానికి సగం. కొత్తలో నూనె వాసన, వానాకాలంలో బూజు. లోపల అతికించిన ప్లాస్టిక్ పొర పెచ్చులుగా లేస్తుంది. దీన్ని బజారు పని మాన్పించి ఎండాకాలం కుండకు చుట్టాను. తడిపితే నీళ్ళు చల్లగా ఉంటాయి, ఆ పనికి దీన్ని మించింది లేదు. ఐదోది, జేబులో పట్టే మడత సంచి. పాలకూ, రొట్టెకూ సరిపోతుంది, అంతకు మించి ఆశించకండి.

ఇక మర్చిపోవడం. మా ఇంట్లో సంచుల కొరత ఎప్పుడూ లేదు. పెళ్ళిళ్ళలో తాంబూలంతో ఇచ్చినవే బీరువా కింద ఒక గుట్ట ఉన్నాయి, ఎవరో పెళ్ళికూతురి పేరున్న సంచిలో మటిక్కాయలు తెచ్చుకుంటుంటాం. బజారులో నిలబడ్డప్పుడు చేతిలో లేకపోవడమే బాధ. ఫోన్‌తో డబ్బులు కట్టడం మొదలయ్యాక ఇది ఇంకా ఎక్కువైంది. ఇంతకుముందు పర్సు వెతుక్కునేటప్పుడన్నా సంచి గుర్తొచ్చేది.

స్కూటీ డిక్కీలో పెట్టుకోండని అందరూ చెబుతారు. పెట్టడం సులువే, కూరగాయలు దించాక ఆ సంచి వంటింట్లో ఉండిపోతుంది, మళ్ళీ డిక్కీలోకి పోదు. మేము చేసిందేమిటంటే, స్కూటీ తాళం తగిలించే మేకుకే ముందు తాళం, దాని మీద ఖాళీ సంచి. సంచి తీయకుండా తాళం చేతికి రాదు. పెట్రోలు కోసం పోయినా సంచి వెంట వస్తుంది, వస్తే నష్టమేముంది? మా ఆయనకు మాత్రం ఈ పద్ధతి పట్టలేదు, ఆయన సంచి తీసి సోఫా మీద పడేసి పోతాడు. అందుకని మడత సంచిని ఆయన లంచ్ బ్యాగు పక్క జేబులో పెట్టి జిప్పు వేసేశాను.

చికెనుకూ చేపలకూ ఈ ఐదింటిలో ఏదీ వద్దు. మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బా పట్టుకుపోండి, ముందు ఖాళీ డబ్బాను తక్కెడ మీద పెట్టించి తర్వాత మాంసం వేయించుకోండి. మొదట్లో విసుక్కున్న మా చికెన్ అంగడాయన ఇప్పుడు నన్ను చూడగానే డబ్బాకు చెయ్యి చాపుతున్నాడు.