ఇంటి నెట్‌కి వెయ్యి జీబీ చాలా? చాలాకాలం వాడాక నా సమీక్ష

నెలకు వెయ్యి జీబీ పరిమితి ఉన్న బ్రాడ్‌బ్యాండ్ ప్లాన్‌ను మా ఇంట్లో చాలాకాలంగా వాడుతున్నాం. పరిమితి దాటితే అదనపు బిల్లు పడదు, స్పీడు మాత్రం 2 ఎంబీపీఎస్‌కి పడిపోతుంది. ఇంట్లో ఐదుగురం. ఇద్దరం ఇంటి నుంచే ఆఫీసు పని చేస్తాం, ఒకరు చదువుకుంటున్నారు, పెద్దవాళ్లిద్దరూ ఎక్కువగా టీవీ చూస్తారు. మామూలు నెలల్లో ఈ ప్లాన్ మాకు హాయిగా సరిపోతోంది.

ప్లాన్ అమ్మేవాళ్లు మొదట అడిగేది "ఇంట్లో ఎంతమంది?" అని. ఇన్నాళ్లు వాడాక నాకు అర్థమైందేమిటంటే, డేటా ఖర్చును తేల్చేది మనుషుల సంఖ్య కాదు. టీవీ ఏ క్వాలిటీలో ఎన్ని గంటలు నడుస్తోంది, మనం చూడకపోయినా నెట్ వాడుకునే పరికరాలు ఎన్ని ఉన్నాయి అన్నదే ముఖ్యం.

నెట్‌ఫ్లిక్స్ చెప్పే లెక్క ప్రకారం హెచ్‌డీలో గంటకు 3 జీబీ దాకా, 4కేలో 7 జీబీ దాకా ఖర్చవుతుంది. రోజుకు నాలుగు గంటలు 4కేలో చూస్తే నెలకు 840 జీబీ. అంటే ఒక్క టీవీయే మా కోటాని దాదాపు ఊడ్చేస్తుంది! అవే గంటలు హెచ్‌డీలో చూస్తే 360 జీబీతో పోతుంది. మా హాల్లో సోఫా దూరం నుంచి సీరియళ్లకి, వార్తలకి ఆ రెండింటి మధ్య తేడా కనిపించదు. అందుకే టీవీని హెచ్‌డీలోనే ఉంచాం. మంచి సినిమా పెట్టినప్పుడు మాత్రం 4కేకి మారుస్తాం.

మిగతావాటికి ఒక చిన్న సూత్రం గుర్తుపెట్టుకుంటే చాలు. 1 ఎంబీపీఎస్‌తో గంటసేపు ఆగకుండా డేటా నడిస్తే 450 ఎంబీ అవుతుంది. పాటలు ఎంత మంచి క్వాలిటీలో, అంటే 320 కేబీపీఎస్‌లో విన్నా, గంటకు 144 ఎంబీయే. చాటింగు, చెల్లింపులు, మెయిళ్లు అసలు లెక్కలోకే రావు. ఆఫీసు వీడియో మీటింగులు గంటకు ఒక జీబీకి కాస్త అటూ ఇటూగా తీసుకుంటాయి. మా నెట్ కంపెనీ డౌన్‌లోడ్‌తో పాటు అప్‌లోడ్‌నీ లెక్కేస్తుంది కాబట్టి, అవసరం లేనప్పుడు కెమెరా ఆపేస్తే కొంత మిగులుతుంది.

అప్‌లోడ్ అనగానే సెక్యూరిటీ కెమెరా గురించి చెప్పాలి. గుమ్మం దగ్గర ఒకటి పెట్టించే ముందు ఇదే సూత్రంతో లెక్క వేశాం. 2 ఎంబీపీఎస్‌తో రాత్రింబగళ్లు క్లౌడ్‌కి పంపే కెమెరా రోజుకు 21.6 జీబీ, నెలకు దాదాపు 650 జీబీ తినేస్తుంది. అందుకే రికార్డింగ్ మెమరీ కార్డులోకి వెళ్లేలా, ఎవరైనా కదిలినప్పుడు మాత్రమే క్లిప్ పంపేలా పెట్టుకున్నాం. ఇప్పుడు దాని ఖర్చు నామమాత్రం. కంప్యూటర్లలో కూడా ఒకటి చూసుకోవాలి. విండోస్‌లో డెలివరీ ఆప్టిమైజేషన్ అనే సెట్టింగ్ ఉంటుంది. ఇంటర్నెట్‌లోని వేరే కంప్యూటర్లతో పంచుకోవడానికి అందులో అనుమతి ఇచ్చి ఉంటే, మన దగ్గరున్న అప్‌డేట్ ముక్కలు వాళ్లకు వెళ్తుంటాయి. మేం దాన్ని ఆపేశాం.

నాకు నచ్చనిది కంపెనీ మీటరు. వాడకం వివరాలు వెంటనే కనిపించవు, ఆలస్యంగా వస్తాయి. నెల చివర్లో అది నిజంగా టెన్షన్. అందుకే రౌటర్‌లోని మీటరునే చూస్తాను. ఆ రెండు అంకెలూ కలవకపోతే కంగారు పడక్కర్లేదు. కంపెనీ వేయి ఎంబీలను ఒక జీబీ అంటుంది, కొన్ని రౌటర్లు 1024 ఎంబీలను ఒక జీబీ అంటాయి, ఎంబీని, కేబీని కూడా అలాగే 1024తోనే లెక్కేస్తాయి. అక్కడ వెయ్యి అయ్యేసరికి ఇక్కడ 931 చూపిస్తుంది. ఇంకొకటి, మా కోటా తిరిగి మొదలయ్యేది ఒకటో తారీఖున కాదు, బిల్లు తేదీన.

సెలవులకి చుట్టాలొచ్చిన నెలలో, పైగా కొత్త గేమ్ డౌన్‌లోడ్ కూడా ఉండటంతో, పరిమితి దాటింది. 2 ఎంబీపీఎస్‌లో వాయిస్ కాల్స్, పాటలు, చెల్లింపులు బాగానే నడిచాయి. హెచ్‌డీ వీడియో కుదరలేదు, దానికి కనీసం 3 నుంచి 5 ఎంబీపీఎస్ కావాలి. ఇద్దరం ఒకేసారి మీటింగులో ఉంటే గొంతులు తెగిపోయేవి. ఆ నెల తర్వాత ఎవరు అడిగినా నేను చెప్పేది ఒకటే: పరిమితి ఎంతో చూసేముందు, అది దాటాక ఏమవుతుందో చూడండి. పరిమితి దాటాక 10 ఎంబీపీఎస్ ఇచ్చే చిన్న ప్లాన్, ఒక్కసారిగా 1 ఎంబీపీఎస్‌కి దించేసే పెద్ద ప్లాన్ కంటే మేలు. జీబీకి ఇంత అని అదనంగా వసూలు చేసే ప్లాన్ అయితే పిల్లలున్న ఇంటికి నేను వద్దంటాను. "అన్‌లిమిటెడ్" అని రాసి ఉన్నా ఎఫ్‌యూపీ షరతు, అంటే ఇంత డేటా దాటాక స్పీడు తగ్గిస్తామనే నిబంధన, ఉందేమో అడిగి తెలుసుకోండి.

కొత్తగా ఎంచుకునేవాళ్లు ఒక మామూలు నెల, ఒక సెలవుల నెల రౌటర్ మీటరు చూసి, పెద్ద అంకెకి పాతిక శాతం కలుపుకుంటే సరిపోతుంది. మా మామూలు నెల వాడకం ఆరేడు వందల జీబీ దగ్గర ఆగుతోంది. ఇంట్లోకి రెండో టీవీ వస్తే మాత్రం పై ప్లాన్‌కి మారతాం.