పాటల ప్రమోషన్ చేస్తామంటూ వచ్చేవాళ్లతో జాగ్రత్త: బెంగళూరు భజన బృందాలకు హెచ్చరిక

బెంగళూరులో భజన బృందాలు, కీర్తనల గ్రూపులు నడుపుతున్న తెలుగువాళ్లకి చెప్తున్నాను. మీ పాటలకి లక్ష ప్లేలు గ్యారంటీ అని ఎవరైనా ఫోన్ చేస్తే ఒక్క రూపాయి కూడా అడ్వాన్స్ ఇవ్వకండి.

మారతహళ్లిలో మాదొక చిన్న బృందం. శనివారం సాయంత్రాలు క్లబ్‌హౌస్‌లో చేరి అన్నమయ్య కీర్తనలు పాడుకుంటాం. మాకు నేర్పే అమ్మగారు కొన్నిటికి సొంతంగా వరుసలు కట్టారు. వాటిని స్టూడియోలో రికార్డు చేయించాం. శ్రీరామనవమికి మేం పాడిన వీడియో చూశామంటూ ఒక ప్రమోషన్ ఏజెన్సీవాళ్లు ఫోన్ చేసి, నలభై వేలిస్తే అన్నీ మేమే చూసుకుంటామన్నారు. తలా కొంత వేసుకుని కట్టాం.

మొదట్లో అంకెలు బాగానే పెరిగాయి. వాళ్లు పంపిన స్క్రీన్‌షాట్‌ని పెద్దది చేసి చూస్తే అసలు సంగతి బయటపడింది. వేలల్లో ప్లేలున్నాయి, పాటని సేవ్ చేసుకున్నవాళ్లు మాత్రం ముగ్గురు. ఊళ్ల జాబితాలో హైదరాబాద్ లేదు, విజయవాడ లేదు, బెంగళూరే లేదు. విన్నవాళ్లందరూ మాకెవరూ తెలియని ఒకే విదేశీ నగరంలో ఉన్నారట! స్పాటిఫైలో పాట 30 సెకన్లు నడిస్తే ఒక ప్లే కింద లెక్క. ఆ 30 సెకన్లు నడిపించడానికి బాట్‌లు, అంటే మనుషులు లేకుండా వాటంతటవే పాటలు నడిపే ప్రోగ్రాములు చాలు. ఇలాంటి దొంగ ప్లేలు దొరికితే వాటిని లెక్కలోంచి తీసేస్తారు, 2024 నుంచి డిస్ట్రిబ్యూటర్ (మన పాటల్ని ఇలాంటి యాప్‌లలో ఎక్కించే సంస్థ) మీద జరిమానా కూడా వేస్తున్నారు. మా పాటని అక్కడి నుంచి తీసేశారు. అమెరికాలో ఉన్న మనవడికి లింకు పంపిన అమ్మగారు, పాట రావట్లేదని వాడు చెప్తే ఎంత బాధపడ్డారో.

అంతకంటే పెద్ద దెబ్బ యూట్యూబ్‌లో తగిలింది. మా ఛానెల్లో మేమే పెట్టుకున్న పాట మీద కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది, ఆ ఏజెన్సీ పేరుతోనే! మా రికార్డింగులను వాళ్లు తమవిగా కంటెంట్ ఐడీలో (ఏ పాట ఎవరిదో గుర్తుపట్టే యూట్యూబ్ ఏర్పాటు) ఎక్కించుకున్నారు. విడుదలకి ముందు రోజు రాత్రి, అర్జెంటని సంతకాలు పెట్టించుకున్న అగ్రిమెంట్‌లో హక్కులు 'శాశ్వతంగా, ప్రపంచమంతటా' వాళ్లకే అని ఉంది. మన కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం గడువు రాయకపోతే అలాంటి బదిలీ ఐదేళ్లే చెల్లుతుంది, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే. అందుకే ఆ రెండు మాటలూ అంత జాగ్రత్తగా రాసుకున్నారు.

'అన్నమయ్య పాటలకి కాపీరైట్ సమస్యే ఉండదు' అని కూడా నమ్మబలుకుతారు. సాహిత్యానికి లేదు, నిజమే. వరుస సంగతి వేరు. కట్టినవాళ్లు పోయాక 60 ఏళ్ల దాకా దానికి హక్కుంటుంది. అన్నమయ్య కీర్తనలకి వరుసలు కట్టిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు పోయింది 1979లో, అంటే ఆయన వరుసలకి 2039 చివరి దాకా లెక్క. మీరు పాడేది ఎవరి వరుసో ముందే కనుక్కోండి.

పాటలు ఎక్కించడానికి ఏజెన్సీ అక్కర్లేదు. డిస్ట్రిబ్యూటర్ దగ్గర బృందం పేరుతో, మీ ఈమెయిల్‌తో మీరే ఖాతా తెరవొచ్చు. పాస్‌వర్డ్ బయటివాళ్ల చేతికి ఇవ్వకండి. పోస్టర్లకి, వీడియో ఎడిటింగ్‌కి డబ్బివ్వండి, ప్లేలకి మాత్రం వద్దు.

మేం యూట్యూబ్‌లో క్లెయిమ్ మీద డిస్ప్యూట్ వేశాం, జవాబివ్వడానికి అవతలివాళ్లకి 30 రోజుల గడువుంటుంది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా ఫిర్యాదు చేశాం. ఇలాగే డబ్బు కట్టినవాళ్లు ఉంటే రసీదులు, వాట్సాప్ చాట్‌లు చెరిపేయకుండా ఉంచి మెసేజ్ చేయండి, అగ్రిమెంట్లు పక్కపక్కన పెట్టి చూద్దాం.