కుక్క తోడుగా కౌన్సెలింగ్: ఏళ్ల తరబడి చూశాక ఒక అమ్మగా నా సమీక్ష

గదిలో కౌన్సెలర్‌తో పాటు ఒక కుక్క కూడా ఉండే ఈ కౌన్సెలింగ్‌ని మా అమ్మాయి పదో తరగతిలో ఉండగా మొదలుపెట్టాం, ఇప్పుడు తను డిగ్రీ చదువుతోంది. దీని మీద కనిపించే రాతలన్నీ మొదటి వారం సంబరంలో రాసినవే, అందుకే తీరిగ్గా రాస్తున్నాను. మా పిల్లకి ఇది మేలు చేసింది, ఆ మాట గట్టిగానే చెబుతాను. అయితే ఏ మేలు చేసింది, ఏది చేయలేదు అన్నది విడివిడిగా చెప్పాలి.

అంతకుముందు మామూలు కౌన్సెలింగ్‌కి వెళ్లేవాళ్లం. ఎదురెదురు కుర్చీల్లో కూర్చోబెట్టి అడిగితే ‘బాగానే ఉన్నాను’ అనడం తప్ప నోరు విప్పేది కాదు, ఆ తర్వాత రానని మొండికేసింది. కుక్క ఉన్న గదిలో అలా కాదు, కింద కూర్చుని దానికి బ్రష్ చేస్తుంది, చేతులకి పని ఉంటుంది, ఎవరి కళ్లలోకీ చూడక్కర్లేదు, మాట దానంతట అదే వస్తుంది. ఇదేం కొత్త సంగతి కాదు. న్యూయార్క్‌లో బోరిస్ లెవిన్సన్ అనే పిల్లల సైకాలజిస్టు తన కుక్క జింగిల్స్ గదిలో ఉంటే ముడుచుకుపోయిన పిల్లలు దగ్గరవుతున్నారని గమనించి 1962లోనే రాశారు.

కౌన్సెలర్ మేడం పని తీరు చూస్తే అసలు విషయం అర్థమైంది. కుక్కని చూపించి ‘ఇవాళ వీడి మూడ్ ఎలా ఉందంటావ్?’ అని అడిగేవారు. ‘భయంగా ఉన్నాడు, తోక ముడిచాడు’ అనేది మా అమ్మాయి. ‘భయం వేస్తే ఏం చేస్తాడు?’ ‘వెళ్లి మూల పడుకుంటాడు.’ ‘మరి నువ్వు?’ అక్కడ మొదలయ్యేది అసలు సంభాషణ. ఇంకో నియమం ఉండేది: కుక్క తన చాప మీదకి వెళ్లిపోతే ఎవరూ పిలవకూడదు, ముట్టుకోకూడదు. కొన్నాళ్లకి మా ఇంట్లో కూడా ‘నాకిప్పుడు నా చాప కావాలి’ అనడం మొదలుపెట్టింది. అంటే కాసేపు నన్ను కదిలించొద్దని. తలుపు ధడేల్మని వేసుకోవడం కన్నా అది ఎంత నయమో టీనేజి పిల్లలున్న వాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

ఇక చేయనివి. పరీక్షలంటే గుండె దడ, రాత్రిళ్లు నిద్ర పట్టకపోవడం, ఇవి కుక్కని నిమిరితే పోలేదు. ఆలోచనలు డైరీలో రాయించడం, భయపడే పనిని చిన్న చిన్న మెట్లుగా చేయించడం, అంటే సీబీటీ (ఆలోచించే తీరునీ, అలవాట్లనీ మెల్లగా మార్చే కౌన్సెలింగ్) పద్ధతిలో చేసిన పని వల్ల తగ్గాయి, మధ్యలో కొన్నాళ్లు సైకియాట్రిస్టు ఇచ్చిన మందులు కూడా వాడాం. ఆ పనంతా జరిగేదాకా పిల్ల మానకుండా వచ్చిందంటే మాత్రం ఆ లాబ్రడార్ వల్లే. మీ పిల్లలు చనిపోవాలని ఉందన్నా, తమని తాము గాయపరుచుకుంటున్నా ఇలాంటివి వెతుక్కుంటూ కూర్చోకండి, ముందు నేరుగా సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లండి.

‘ఇంట్లోనే ఒక కుక్కపిల్లని పెంచుకోవచ్చుగా’ అని చాలామంది అన్నారు. మంచం దిగడమే కష్టంగా ఉన్న రోజుల్లో దాని తిండి, నడక, టీకాలు కూడా పిల్ల మీద పడితే అదొక కొత్త టెన్షన్. పైగా నాకు కావలసింది కుక్క పక్కన కూర్చున్న ఆ కౌన్సెలర్.

మేము మొదట చూసిన ఒక చోట కుక్కని పొద్దున్నించి సాయంత్రం దాకా వరసగా పిల్లల ముందు కూర్చోబెట్టేవారు, పాపం అది అదే పనిగా ఆవులిస్తూ, మూతి నాక్కుంటూ, మొహం తిప్పేసుకునేది. అవి అలసటకి, ఒత్తిడికి గుర్తులు. వెంటనే మానేశాం. ఈ రంగంలో ఎప్పటినుంచో ఉన్న అమెరికా సంస్థ పెట్ పార్ట్‌నర్స్ నియమాల్లో కుక్కకి కనీసం ఏడాది వయసుండాలి, రోజుకి రెండు గంటలకి మించి పని చేయించకూడదు, పచ్చి మాంసం పెట్టకూడదు అని ఉంటుంది. మీరు వెళ్లే చోట కూడా ఇవి అడగండి, టీకాల కాగితాలు చూపించమనండి, కౌన్సెలర్‌కి సొంత అర్హత ఏమిటో తప్పకుండా కనుక్కోండి. పిల్లలకి ఆస్తమా, అలర్జీ ఉంటే ముందు డాక్టర్‌ని అడగాలి. కుక్కలంటే భయపడే పిల్లల్ని మాత్రం బలవంతంగా తీసుకెళ్లకండి.

వయసు మీద పడి ఆ కుక్క పని మానేసినప్పుడు మా అమ్మాయి బాగా ఏడ్చింది. మేడం కొన్ని నెలల ముందే చెప్పి, వీడ్కోలుకి సిద్ధం చేసి, ఆ దుఃఖం గురించే కొన్ని సెషన్లు మాట్లాడించారు. ఈ సంగతి కూడా చేరేముందే అడిగి పెట్టుకోవాలి. మొదటి ఫోన్లోనే ఇంకో ప్రశ్న వేయండి: కుక్కకి ఒంట్లో బాగోలేని రోజు సెషన్ ఉంటుందా? ‘ఉంటుంది, ఆ రోజు నేనూ మీ పిల్లా మాట్లాడుకుంటాం’ అని తడుముకోకుండా చెప్పేవాళ్ల దగ్గరైతే నేను ధైర్యంగా చేర్పిస్తాను.