పుదుపేటలో రీకండిషన్ ఆల్టర్నేటర్ కొంటున్నారా? 14 వోల్టులు చూసి డబ్బులివ్వకండి

పాత జెన్, ఎస్టీమ్, శాంత్రో కార్లకు ఆల్టర్నేటర్ (ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీని ఛార్జ్ చేసే భాగం) పోతే చెన్నైలో చాలామంది ముందు పాత విడిభాగాలు దొరికే పుదుపేటకే వెళ్తారు. అక్కడ ఒక షాపులో జెన్‌కి తీసుకున్న "ఫుల్ రీకండిషన్" పీసు విప్పితే తేలింది ఇదీ: పైన వెండిరంగు స్ప్రే, లోపల కొత్త కార్బన్ బ్రష్షులు, అంతే. ఆ బ్రష్షులు ఆనే స్లిప్ రింగులు గోరు దిగేంత గాడి పడి ఉన్నాయి. బేరింగులు పాతవే, గ్రీజు పూశారు. డయోడ్ ప్లేటులో ఉన్న ఆరు డయోడ్లలో (కరెంటును ఒకే దిశలో పోనిచ్చే భాగాలు) ఒకటి ఓపెన్, అంటే తెగిపోయి కరెంటు పోనివ్వట్లేదు. అన్ని షాపులూ ఇలాగే ఉంటాయని కాదు గానీ, ఈ పద్ధతి తెలియకపోతే ఎవరైనా మోసపోతారు.

షాపువాళ్ళు బండికి బిగించి, ఐడిల్‌లో మీటరు పెట్టి 14.2 చూపిస్తారు. ఒక డయోడ్ ఓపెన్ అయినా లోడ్ లేనప్పుడు, వోల్టేజీని అదుపు చేసే రెగ్యులేటర్ ఆ వోల్టేజీని నిలబెట్టేస్తుంది. పడిపోయేది కరెంటు. నవంబరు వానలో రాత్రిపూట హెడ్‌లైట్లు, వైపర్లు, బ్లోయర్ అన్నీ కలిసి నడిచినప్పుడు బ్యాటరీ దిగిపోవడం మొదలవుతుంది. పాపం, నింద బ్యాటరీ మీద పడుతుంది.

ఇంకో విద్య ఉంది: "చూడండి సార్, బ్యాటరీ టెర్మినల్ తీసినా ఇంజన్ ఆగలేదు" అంటారు. దయచేసి చెయ్యనివ్వకండి. బ్యాటరీ లేకుండా నడిస్తే వోల్టేజీ ఒక్కసారిగా ఎగిరి రెగ్యులేటర్ పోవచ్చు, ఎంపీఎఫ్ఐ (కంప్యూటర్ అదుపులో పెట్రోలు చల్లే) బండైతే ఈసీఎం (ఆ ఇంజన్ కంప్యూటర్) కూడా పోవచ్చు.

కౌంటర్ దగ్గరే చెయ్యాల్సిన పరీక్ష: మీటరు డయోడ్ మోడ్‌లో పెట్టి ఎర్ర వైరు బాడీకి, నల్లది బి ప్లస్ బోల్టుకి (బ్యాటరీకి కరెంటు వెళ్ళే బోల్టు) ఆనించండి. 0.8 నుంచి 1 వోల్టు దాకా రావాలి. వైర్లు మారిస్తే ఓపెన్ చూపాలి. రెండు వైపులా సున్నాకి దగ్గరగా వస్తే డయోడ్లు షార్ట్. అలాంటిది బిగిస్తే బ్యాటరీ నేరుగా షార్ట్ అయి మెయిన్ ఫ్యూజు పోవచ్చు, వైర్లు కాలిపోవచ్చు. ఓపెన్ డయోడ్ మాత్రం ఈ పరీక్షకి దొరకదు.

అది దొరికేది బిగించాకే. హై బీమ్, బ్లోయర్ ఫుల్, వెనక డీఫాగర్ ఉంటే అదీ వేసి, ఇంజన్‌ని సుమారు 2,000 ఆర్‌పీఎం దగ్గర ఉంచండి. బ్యాటరీ మీద 13.5 వోల్టుల కంటే తగ్గకూడదు. అదే లోడ్‌లో మీటరుని ఏసీ వోల్ట్స్‌కి మార్చండి: 0.5 దాటితే డయోడ్ పోయినట్టే. చవకరకం పసుపు మీటర్లతో ఈ కొలత తీయకండి, వాటి ఏసీ రేంజ్ డీసీని కూడా కలిపి చూపిస్తుంది. మంచి ఆటోరేంజ్ మీటరు అరువు తెచ్చుకోండి.

అసలు కొనడానికి వెళ్ళే ముందే బెల్ట్ వదులుందేమో, ఎర్త్ వైరు తుప్పు పట్టిందేమో చూడండి. లోడ్‌లో ఇంజన్ బ్లాకుకీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య 0.2 వోల్టు దాటితే ఎర్త్‌లో లోపం ఉంది, ముందు దాన్ని సరిచేసి తర్వాతే ఆల్టర్నేటర్‌ని అనుమానించండి.

అన్నిటికన్నా ముఖ్యం, "పాతది ఇచ్చేయండి, రేటు తగ్గిస్తాం" అంటే ఒప్పుకోకండి. మీ బండితో వచ్చిన ఒరిజినల్ వైండింగ్ దానిలోనే ఉంది. చాలాసార్లు డయోడ్ ప్లేటు, బ్రష్షులు, రెండు బేరింగులు మారిస్తే అదే మళ్ళీ ఏళ్ళపాటు నడుస్తుంది. మీ పేటలోని ఆటో ఎలక్ట్రీషియన్ ఎదురుగా నిలబడి ఆ పని చేయించుకోండి, తీసిన ముక్కలు అడిగి తెచ్చుకోండి.