నేరం చేసిన పిల్లలకు ఏది మేలు: బాధితులతో ముఖాముఖి సమావేశమా, మెంటర్ తోడా?

పదిహేనేళ్ల పిల్లవాడు ఒక ఇంట్లో దొంగతనం చేశాడు. జైలు వద్దనుకుంటే మిగిలే దారుల్లో రెండు ప్రధానమైనవి. ఒకటి, నష్టపోయినవారి ఎదుట కూర్చోబెట్టి జవాబు చెప్పించే పునరుద్ధరణ న్యాయం. రెండోది, నమ్మదగిన పెద్దవారిని తోడుగా ఇచ్చే మెంటరింగ్.

1974లో కెనడాలోని ఎల్మైరాలో ఇద్దరు కుర్రవాళ్లు 22 చోట్ల ఆస్తులు ధ్వంసం చేశారు. ప్రొబేషన్ అధికారి ఆలోచన మేరకు న్యాయమూర్తి వారిని బాధితుల దగ్గరికి పంపారు. వాళ్లు తలుపు తట్టి, మేమే చేశామని చెప్పి, నష్టమెంతో అడిగి తెలుసుకున్నారు. కొన్ని నెలల్లో పరిహారం చెల్లించారు. కోర్టులోనైతే బాధితుడు కాగితం మీది పేరు మాత్రమే. ఎదురుగా కూర్చున్న మనిషి “ఆ రోజు నుంచి మా పాప ఒంటరిగా పడుకోవడం లేదు” అంటే ఏ పిల్లవాడైనా తల దించుకుంటాడు. పిల్లవాడి కుటుంబం, బాధితుడు కలిసి కూర్చునే ఇలాంటి సమావేశాలను న్యూజిలాండ్ 1989లోనే చట్టంలో చేర్చింది. అయితే పిల్లవాడు తప్పు ఒప్పుకోవాలి, బాధితుడు ఇష్టపడి రావాలి. బలవంతంగా చెప్పించిన క్షమాపణ బాధితుడికి మరో గాయం.

మెంటరింగ్‌కు నేరం జరిగేదాకా ఆగనక్కర్లేదు. అమెరికాలోని బిగ్ బ్రదర్స్ బిగ్ సిస్టర్స్ కార్యక్రమంపై 1995లో వెలువడిన అధ్యయనంలో, మెంటర్ దొరికిన పిల్లలు మాదకద్రవ్యాలు మొదలుపెట్టే అవకాశం 46 శాతం తక్కువని తేలింది. తర్వాతి విశ్లేషణ మాత్రం నన్ను కలవరపెడుతుంది. ఏడాదికి పైగా సాగిన తోడు బాగా మేలు చేసింది. మూడు నెలల్లోపే తెగిపోయినచోట పిల్లల ఆత్మగౌరవం తగ్గింది. పెద్దలు వదిలేసి వెళ్లడం అప్పటికే చూసిన పిల్లలకు అది ఇంకోసారి ఎదురైంది మరి.

నా అభిప్రాయం స్పష్టం. ఎవరికైనా నష్టం జరిగి ఉంటే ముందు సమావేశమే జరగాలి. మెంటర్ ఎంత మంచివాడైనా బాధితుడికి దక్కాల్సిన జవాబు ఇవ్వలేడు. ఇంకా ఏ నేరమూ చేయని పిల్లలకు మెంటరే మేలు. సమావేశంలో ఒప్పుకున్న పరిహారం నెల తిరిగేసరికి ఆగిపోకుండా చూసే మనిషి కూడా కావాలి కాబట్టి, వీలైనచోట రెండూ కలపాలి. మెంటర్‌గా ముందుకొచ్చేవారిని ఏడాదిపాటు క్రమం తప్పకుండా రాగలరా అని మొదటే అడగాలి. రాలేమన్నవారికి పిల్లలతో నేరుగా సంబంధం లేని వేరే పని అప్పగించాలి.