మెట్రో పక్కనే ఇల్లన్నారు, నడిచి చూశాం

వైజాగ్‌లో ఇల్లు చూడ్డానికి వెళ్లేవాళ్లు బ్రోచర్ల సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు నడవడానికి పనికొచ్చే చెప్పులు వేసుకోండి. మా అబ్బాయికి రుషికొండ వైపు ఐటీ ఉద్యోగం రావడంతో రాజమండ్రి నుంచి మావారూ నేనూ వెళ్లాం. కొనాలా, అద్దెకా, అసలు ఏ ఏరియా అన్నది తేల్చుకోవాలి. ఫోన్ చేసిన ప్రతి ఏజెంటుదీ ఒకటే పాట: "మెట్రోకి పక్కనే మేడమ్." ఇంకా కట్టని మెట్రోకి పక్కన బతకడం ఎలా ఉంటుందో చూద్దామని, ఒక్క హోటల్లోనే దిగకుండా మూడు చోట్ల మకాం పెట్టాం. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర లాడ్జి, మధురవాడలో సర్వీస్ అపార్ట్‌మెంట్, గోపాలపట్నంలో మా వదినగారిల్లు.

రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ మధ్యాహ్నానికి దించేసింది. గాజువాక, స్టీల్ ప్లాంటు వైపు పనున్నవాళ్లు దువ్వాడలోనే దిగిపోవడం మేలు, విశాఖ స్టేషన్ దాకా వచ్చి మళ్లీ వెనక్కి వెళ్లాలంటే టైమూ డబ్బూ రెండూ దండగ. స్టేషన్ బయట ఆటోవాళ్లు కాంప్లెక్స్‌కి చెప్పే రేటు వింటే రాజమండ్రి తిరిగి వెళ్లిపోవాలనిపిస్తుంది. నాలుగడుగులు వేసి సిటీ బస్సెక్కాం. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం ఉంది కదా, ఆధార్ చూపిస్తే నాకు జీరో టికెట్టు, మావారికి మాత్రం డబ్బులు. తిరిగినన్ని రోజులూ ఆ చిన్న చిన్న టికెట్లు దాచుకుని ఆయన్ని ఏడిపించాను.

లాడ్జి ద్వారకానగర్ లోపలి వీధిలో. గది ఇరుకు, బాత్రూంలో బకెట్ పెడితే మనం గుమ్మంలో నిలబడాలి. 24 గంటల చెక్ అవుట్ అని ఫోన్లో చెప్పి, దిగాక పన్నెండింటికే ఖాళీ చేయాలన్నారు, మావారు కాసేపు వాదించి నెగ్గారు. రాత్రి పొద్దుపోయేదాకా హారన్లు. అయినా మూడింటిలో బతకడానికి హాయిగా అనిపించింది ఇదే, ఎందుకంటే పొద్దున్నే కిందికి దిగితే టిఫిను, మందుల షాపు, బ్యాంకు, పబ్లిక్ లైబ్రరీ అన్నీ కాలినడకనే. ఊళ్లో ఏ మూలకు వెళ్లాలన్నా బస్సు ఇక్కడే. సాయంత్రం సెంట్రల్ పార్కుకి నడిచి వెళ్లాం, ఒకప్పుడు సెంట్రల్ జైలు ఉన్న చోటు అది, జైలు అడవివరం తరలిపోయాక పార్కు చేశారు. ఆ స్థలంలో ఇంకో మాల్ కట్టనందుకు ఎవరికో దణ్ణం పెట్టాలి.

వైజాగ్‌లో మెట్రో మాట కొత్తది కాదు. 2014 విభజన చట్టం 13వ షెడ్యూల్లోనే, విశాఖలో మెట్రో సాధ్యమో కాదో కేంద్రం పరిశీలించాలని రాశారు. 2024 డిసెంబరులో రాష్ట్రం ఓకే చేసిన మొదటి దశలో మూడు కారిడార్లు, మొత్తం 46.23 కిలోమీటర్లు, 42 స్టేషన్లు. పెద్దది స్టీల్ ప్లాంటు గేటు నుంచి కొమ్మాది దాకా 34.4 కిలోమీటర్లు, దాదాపుగా జాతీయ రహదారి మీదుగానే. మిగతావి చిన్నవి, గురుద్వారా నుంచి పాత పోస్టాఫీసుకి ఒకటి, తాటిచెట్లపాలెం నుంచి చినవాల్తేరుకి ఒకటి. హైవే మీద కొంత మేర కింద ఫ్లైఓవరు, దానిపైన మెట్రో, అంటే డబుల్ డెక్కర్ కడతామంటున్నారు. ఎందుకు అంతా హైవే మీదే అంటే ఈ ఊరి స్వరూపమే అంత. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క సింహాచలం కొండలు, కంబాలకొండ, మధ్యలో పోర్టు, నేవీ భూములు. మిగిలిన సన్నటి పట్టీలోనే ఊరంతా సాగింది, అందరూ చివరికి ఆ ఒక్క రోడ్డెక్కాల్సిందే.

స్టేషన్ చుట్టూ ఇళ్లు, దుకాణాలు, ఆఫీసులు దగ్గర దగ్గరగా కట్టి జనం నడిచొచ్చేలా చేయడాన్ని టీవోడీ అంటున్నారు. కేంద్రం 2017లో దానికో పాలసీ కూడా తెచ్చింది, స్టేషన్ నుంచి 500 నుంచి 800 మీటర్లు, అంటే పది పన్నెండు నిమిషాల నడక, అంతవరకే లెక్క. ఇందులో అసలు మాట నడక. ఏజెంట్లు మీటర్లు చెబుతారు గానీ నడక సంగతి ఎత్తరు.

మధురవాడలో అది బాగా తెలిసొచ్చింది. సర్వీస్ అపార్ట్‌మెంట్ నిజంగా బాగుంది, తెల్లటి దుప్పట్లు, వంటగదిలో ఇండక్షన్ స్టవ్, బాల్కనీలోంచి కొండ. యాప్‌లో బుక్ చేశాం, లాడ్జికి రెట్టింపు రేటు, అయినా బాధ లేదు. కింద లాబీలో పక్క ప్రాజెక్టు తాలూకు స్టాండీ పెట్టారు, మ్యాప్‌లో మెట్రోని ఎర్ర చుక్కలతో గీసి "300 మీ." అని. మేం ఆ 300 మీటర్లు నడిచాం. గేటు దాటగానే సర్వీసు రోడ్డు, ఫుట్‌పాత్ మీద పునాది కోసం తెచ్చిన కంకర కుప్ప, తర్వాత మూత లేని కాలువ, దాని మీద ఒక పలక. తర్వాత హైవే. బస్టాపు అవతలి వైపు. మనుషులు దాటే చోటు ఎక్కడుందని అడిగితే వాచ్‌మన్ చెయ్యి చూపించాడు, డివైడర్ మీద ఇనుప కమ్మీ ఒకటి పక్కకి వంచేసి ఉంది, చేతులు పట్టీ పట్టీ ఆ కమ్మీ మీద రంగంతా పోయి మెరుస్తోంది, ఇటు కాలు పెట్టి ఎక్కడానికి ఎవరో కడప రాయి ముక్క కూడా సర్దారు. స్కూలు యూనిఫాం పిల్లలు ఇద్దరు అందులోంచి అలవాటుగా దూరి వెళ్లిపోయారు. మేం లారీలు ఆగేదాకా నిలబడి నిలబడి, చివరికి ఒక పెద్దావిడ చెయ్యెత్తి బండ్లను ఆపితే ఆవిడ వెనకే దాటాం. లిఫ్టు దిగిన దగ్గర్నుంచి బస్టాపు దాకా పావుగంట పైనే పట్టింది. స్టాపులో నీడ లేదు. 222 నంబరు బస్సు వచ్చింది, కిక్కిరిసి వచ్చింది గానీ వచ్చింది.

ఇప్పుడీ రోడ్డు మీద రేపు ఫ్లైఓవరు, దాని మీద మెట్రో వచ్చినా, స్టేషన్ మెట్లు రోడ్డుకి రెండు వైపులా దిగకపోతే, సర్వీసు రోడ్డు పక్కన మనిషి నడిచే జాగా లేకపోతే, ఆ 300 మీటర్లు కారున్నవాళ్ల 300 మీటర్లే. అక్కడ కొత్త టవర్లలో ఫ్లాటుకి రెండు కార్ల పార్కింగు ఇస్తున్నామని గొప్పగా చెబుతున్నారు. మెట్రో పక్కనే అయితే రెండు కార్లు దేనికండీ అని అడిగితే సేల్స్ కుర్రాడు నవ్వి, "అది రీసేల్ వాల్యూ కోసం మేడమ్" అన్నాడు. కనీసం నిజం చెప్పాడు.

ఆ అపార్ట్‌మెంట్లో గదులు శుభ్రం చేసే ఆవిడ మారికవలస కాలనీ నుంచి వస్తుంది. ఊరి మధ్యలో ఉన్న వాళ్ల పేట ఖాళీ చేయించి, ప్రభుత్వ ఇళ్లు కట్టి అటు పంపారట. ఇల్లు పక్కాదే, కానీ పనిళ్లు అన్నీ ఊళ్లోనే ఉండిపోయాయి, ఫ్రీ బస్సు రాకముందు జీతంలో పెద్ద ముక్క చార్జీలకే పోయేదంది. మెట్రో గురించి అడిగితే ఆవిడకొచ్చిన అనుమానం వేరు: "మెట్రో వత్తే మా బస్సు తీసేత్తారేటమ్మా?" నా దగ్గర జవాబు లేదు. ఊళ్లో పేటలు తీసి దూరంగా ఇళ్లివ్వడం, ఆ తర్వాత అదే దారిలో పెద్ద రవాణా తెచ్చి పక్కన లగ్జరీ టవర్లు లేపడం చూస్తుంటే, మెట్రో ఎవరి నడక దూరంలో ఉండబోతోందో అర్థమవుతూనే ఉంది.

మధురవాడలో ఇంకో ఇబ్బంది, పీఎం పాలెం స్టేడియంలో మ్యాచ్ ఉన్న రోజు కార్‌షెడ్ జంక్షన్ వైపు పోకండి, అంతే.

గోపాలపట్నం కథ ఇంకోలా ఉంది. ఇది పెందుర్తి బీఆర్‌టీఎస్ దారి, అంటే బస్సులు ఆగకుండా పోవడానికని వేసిన రోడ్డు. నగరాల బాగుకి కేంద్రం డబ్బిచ్చిన జేఎన్‌ఎన్‌యూఆర్ఎం పథకం రోజుల్లో విశాఖకి రెండు బీఆర్‌టీఎస్ కారిడార్లు ఇచ్చారు, ఒకటి పెందుర్తికి, ఒకటి సింహాచలం వైపు. బస్సుల కోసం మధ్యలో వేరుగా దారి అన్నారు గానీ ఇవాళ ఆ మధ్య దారిలో కార్లు, బైకులు, ట్రాక్టర్లు అన్నీ పోతున్నాయి. అయినా రోడ్డు వెడల్పయింది, బస్సులు బాగా దొరుకుతున్నాయి, షేర్ ఆటోలకు కొదవే లేదు. ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర ఫ్లైఓవర్ 2020లో తెరిచాక బండ్లకు సుఖం, కింద నడిచేవాళ్ల తిప్పలు మాత్రం ఎప్పటివే. మా వదినయితే ఇంటి ముందే బస్సెక్కి కాంప్లెక్స్‌లో దిగి, చందనాలో చీర కొని, మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేస్తుంది, ఇంతకన్నా ఏం కావాలంటుంది. ధరలు కూడా మధురవాడతో పోలిస్తే చాలా నయం.

కానీ అటు కొనేవాళ్లు ఒక్కటి చూసుకోవాలి. దగ్గర్లోనే సింహాచలం పంచగ్రామాలు ఉన్నాయి, అడవివరం, వేపగుంట, వెంకటాపురం, చీమలాపల్లి, పురుషోత్తపురం. దేవస్థానం భూముల వివాదం దశాబ్దాలుగా నలుగుతోంది, ఇళ్లు కట్టుకుని తరాలుగా ఉంటున్నవాళ్లకే రిజిస్ట్రేషన్ లేక అవస్థ. ధర తక్కువని చెప్పి నోటరీ కాగితాల మీద ఇప్పిస్తామన్న మధ్యవర్తి ఒకాయన మాకూ తగిలాడు. "అక్కడి నుంచి పది నిమిషాల్లో బస్సు వదినగారూ" అని నన్ను కూడా వదిన్ని చేసేశాడు. మా వదిన మాత్రం సర్వే నంబరు 22ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల్లో, ఉందో లేదో చూసి మాట్లాడదాం బాబూ అని ఒక్క మాటతో పంపేసింది. ఎంత మంచి రోడ్డు పక్కనున్నా ముందు చూడాల్సింది కాగితం.

మధ్యలో ఒక పూట పాత ఊరు చూశాం. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దర్శనం (మార్గశిర గురువారాలు తప్పిస్తే క్యూ పెద్దగా ఉండదు), కురుపాం మార్కెట్, అక్కణ్ణుంచి పాత పోస్టాఫీసు. కింద కొట్టు, పైన కాపురం, ఎదురుగా బస్సులు. ఎవరూ పాలసీ రాయకముందే ఇక్కడ జనం టీవోడీ కట్టేసుకున్నారు. మెట్రో రెండో కారిడార్ ఇక్కడికే రావాలి. రోడ్డు వెడల్పు చేస్తే కొట్లు పోతాయని భయపడుతున్నాడో వెండి షాపాయన, జాగా పోయినవాళ్లకు డబ్బుకి బదులు టీడీఆర్ బాండ్లు, అదే వేరే చోట అదనంగా కట్టుకునే లేదా అమ్ముకునే హక్కు పత్రాలు, ఇస్తారు కదండీ అంటే, బాండు పెట్టుకుని బేరం చేయలేను కదమ్మా అన్నాడు. ఈ సందుల్లో బస చేయడానికి మంచి హోటల్ మాకు కనిపించలేదు, పూటకి వచ్చి వెళ్లడమే నయం.

బీచ్ రోడ్డులో డబుల్ డెక్కర్ ఎలక్ట్రిక్ బస్సు కూడా ఎక్కాం, ఆర్కే బీచ్ నుంచి తొట్లకొండ దాకా. 24 గంటల టికెట్టు 250, ఎక్కడైనా దిగి మళ్లీ ఎక్కొచ్చు. చూడ్డానికి బాగుంటుంది, పై అంతస్తులో ముందు సీటు దొరికితే మరీను. రోజూ ఆఫీసుకెళ్లేవాళ్లకి మాత్రం రైల్వే స్టేషన్ నుంచి భీమిలి పోయే 900కే నంబరు బస్సు ఉంది, అదే సముద్రం, సిటీ బస్సు చార్జీకే. సముద్రం ఎదురుగా ఫ్లాట్లు కూడా ఒకటి రెండు చూశాం. గ్రిల్స్‌కి, ఏసీ బయటి యూనిట్లకి పట్టిన తుప్పు చూసి మావారు ధర కూడా అడగలేదు. 2014 హుద్‌హుద్ తుపానులో అద్దాలన్నీ పోయాయని అక్కడి వాచ్‌మనే చెప్పాడు.

ఆఖర్న ఎంవీపీ కాలనీ. పట్టణాభివృద్ధి సంస్థ వుడా వేసిన పాత లేఅవుట్, సెక్టార్లు, చెట్లు, రైతు బజారు. ఇక్కడ ఊరు మారుతున్న తీరు ఇంటింటికీ కనబడుతుంది. రిటైరైన ఉద్యోగుల డాబా ఇళ్లు ఒక్కొక్కటే డెవలప్‌మెంట్‌కి ఇచ్చేస్తున్నారు, ఓనరుకి సగం బిల్డరుకి సగం, స్టిల్ట్ ప్లస్ ఫైవ్, అంటే కింద పార్కింగు, పైన అయిదంతస్తులు. ఒక వీధిలో మామిడి చెట్టున్న ఇల్లు ఒక్కటే మిగిలింది, రెండు పక్కలా అయిదంతస్తులు లేచి దానికి ఎండే లేదు. కాలువలు, నీళ్ల పైపులు మాత్రం ఒక ఇంటికి ఒక కుటుంబం ఉన్న రోజుల నాటివి, పది ఫ్లాట్లు వచ్చాక ట్యాంకర్లు రావా మరి. ఇవన్నీ తెలిసినా నాకు ఇదే నచ్చింది, గేటు దాటితే మనిషి నడిచే రోడ్డుంది, ఇసుకతోట వైపు నడిస్తే హైవే మీద మధురవాడ బస్సు దొరుకుతుంది. మెట్రో వస్తే సంతోషం, రాకపోయినా అబ్బాయి ఆఫీసుకి వెళ్లగలడు.

కొనడం ఇప్పట్లో కాదు, అద్దెకే చూస్తున్నాం. ఎంవీపీలో గానీ వెంకోజీపాలెం వైపు గానీ రెండు బెడ్‌రూమ్‌లది, బస్టాపుకి పది నిమిషాల నడకలో ఖాళీ ఉంటే ఎవరైనా చెప్పండి. రెండో అంతస్తు లోపయితే లిఫ్టు లేకపోయినా పర్లేదు, జీవీఎంసీ (కార్పొరేషన్) నీళ్లు మాత్రం ఉండాలి, తూర్పు వాకిలయితే మా అత్తగారు ఇంకో మాట అనరు.